ముందు కొలవండి, తర్వాత విప్పండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. మా మేనమామ ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసి తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్న 1968 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ త్రీ కారు ఆయన పోయాక తొమ్మిదేళ్లు మా కొబ్బరికాయల కొట్టులోనే ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి బయటికి లాగి బ్యాటరీ, ప్లగ్గులు, పెట్రోలు పంపు మారిస్తే స్టార్టయింది. కానీ లాగడం లేదు, మిస్ కొడుతోంది, స్టార్టు చేయగానే నీలం పొగ వస్తోంది, రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయి. పాలిటెక్నిక్‌లో పనిచేసే స్నేహితుడి దగ్గర కంప్రెషన్ గేజ్ తెచ్చి చూస్తే ఒకటో సిలిండర్ నుంచి వరసగా 150, 148, 92, 95 పీఎస్ఐ వచ్చింది. మెకానిక్ గారేమో ఇంజిన్ బోరుకొచ్చింది, దించాల్సిందే, దానికంటే ఓమ్ని ఇంజిన్ పెట్టేస్తే హాయి అంటున్నారు. నాకు మాత్రం మామయ్య బండిని నా చేతులతోనే బాగుచేసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకో సంగతండి, బండి ఆగి ఉన్నప్పుడు క్లచ్ తొక్కితే ఇంజిన్ శబ్దం కొంచెం దిగిపోతోంది. అది మామూలేనా?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. విప్పేయకుండా ముందు గేజ్ పెట్టి నాలుగు అంకెలు రాసుకున్నారు, సగం పని అయిపోయింది. ఆ అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం. ఇంజిన్ బోరుకొస్తే నాలుగు సిలిండర్లూ ఇంచుమించు ఒకే తీరున అరుగుతాయి, అన్నిటిలో అంకె దిగుతుంది. మీకు ఒకటి, రెండు సిలిండర్లు నిక్షేపంగా ఉన్నాయి, పక్కపక్కనే ఉన్న మూడు, నాలుగు మాత్రమే ఒక్కసారే, ఇంచుమించు ఒకే అంకెకి పడిపోయాయి. ఇలా పక్కపక్కవి రెండూ జంటగా పడిపోతే నేను మొదట అనుమానించేది ఆ రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత అయిన హెడ్డుకీ, కింది బ్లాకుకీ మధ్య పరిచే పొర) కాలిపోయి ఉంటుందని, ఒకదాని గాలి ఇంకోదాంట్లోకి పోతోందని. రూఢి చేసుకోవాలంటే మూడో సిలిండర్లో ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ గేజ్ పెట్టండి, అలాగే నాలుగోదాంట్లోనూ. అంకె బాగా పెరిగితే తప్పు రింగులది, పెరక్కపోతే గ్యాస్కెట్‌దో వాల్వులదో. గేజ్ పెట్టేటప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసెయ్యాలి, కాయిల్ వైరు పీకెయ్యాలి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి, బ్యాటరీ నిండా చార్జింగ్ ఉండాలి. మొదటిసారి ఇవన్నీ పాటించారో లేదో మీరు రాయలేదు, కాబట్టి ఇంకోసారి చూడండి. నీళ్లు తగ్గడం కూడా గ్యాస్కెట్ వల్లే కావచ్చు, కానీ తొమ్మిదేళ్లు ఎండిపోయిన హోసులూ వాటర్ పంపు సీలూ కూడా కారతాయి, పొద్దున్నే చల్లటి ఇంజిన్ కింద అట్టముక్క పరిచి చూడండి.

ఇక మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద మాట చివర్లో "ఇంకో సంగతండి" అని రాశారు చూడండి, అదీ. నేను అక్కడే ఆగిపోయాను. అది మామూలు కాదు, ఆ సంగతి తేలేదాకా బండి రోడ్డెక్కించకండి.

ఎందుకో చెప్తాను. క్లచ్ తొక్కినప్పుడల్లా ఆ బలం క్రాంక్ షాఫ్ట్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) రేడియేటర్ వైపు నెడుతుంది. ఆ తోపుని ఆపడానికి ఈ ఇంజిన్‌లో వెనకాల ఉన్న మెయిన్ బేరింగ్‌కి అటొకటి ఇటొకటి, అరచందమామ ఆకారంలో రెండు సన్నటి థ్రస్ట్ వాషర్లు ఉంటాయి, అంతే. మూడు మెయిన్ బేరింగుల ఇంజిన్‌లో ఇంత భారం మోసేది ఆ రెండు ముక్కలే, అందులోనూ వెనకది ముందు అరిగిపోతుంది. అరిగి అరిగి పల్చబడ్డాక ఒక రోజు జారి ఆయిల్ సంపులో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) పడుతుంది, అప్పుడు క్రాంక్ నేరుగా బ్లాకుని కోసేస్తుంది. వాషర్ల ఖర్చుతో పోయేది క్రాంకూ బ్లాకూ రెండూ పోగొట్టుకునేదాకా వస్తుంది. స్పిట్‌ఫైర్లకి ఇది పేరున్న జబ్బు. మీ మెకానిక్ గారిని తప్పు పట్టడం లేదు, ఈ బండి ఆయన చేతికి ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది చెప్పండి.

చూసుకోవడం తేలికే. బానెట్ మొత్తం ముందుకి వాలిపోతుంది కదా (ఈ బండిలో నాకు నచ్చే మొదటి విషయం అదే, ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు). ఇంజిన్ ఆపి, ఇంట్లో ఎవరినైనా క్లచ్ తొక్కి వదలమని చెప్పి, మీరు ముందున్న క్రాంక్ పుల్లీని టార్చ్ వేసి చూడండి. కంటికి కనిపించేటట్టు ముందుకీ వెనక్కీ జరుగుతోందంటే వాషర్లు పోయినట్టే లెక్క. జరిగినట్టు అనిపించీ అనిపించకుండా ఉంటే లేత్ షాపులో అయస్కాంతం అడుగుతో ఉండే డయల్ గేజ్ ఒక పూట అడిగి తెచ్చుకుని, ముల్లు పుల్లీ బోల్టుకి ఆనించి కొలవండి. ఉండాల్సింది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల ఆట, అంటే ముందుకీ వెనక్కీ కదలిక. 0.3 దాటితే ఇంకేమీ ఆలోచించకుండా సంపు విప్పండి.

దీనికి ఇంజిన్ దించక్కర్లేదు. బండి ముందు భాగం ఎత్తి గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి (జాకీ మీదో, ఇటుకల మీదో నిలబెట్టి కిందికి దూరకండి, నేను చెప్పేవాటన్నిటిలో ఈ ఒక్కటి మాత్రం మీ ఇష్టానికి వదలను). ఆయిల్ దించి, సంపు విప్పి, వెనక మెయిన్ బేరింగ్ క్యాప్ తీస్తే వాషర్ల కొసలు కనిపిస్తాయి. పదును లేని సన్నటి ముక్కతో ఒక కొసన నెడితే గుండ్రంగా తిరిగి ఇవతలికి వస్తాయి. ముందు సంపు అడుగున వేలు పెట్టి తడమండి, అరచందమామ ముక్క తగిలిందంటే సంగతి అర్థమైనట్టే. కొత్తవి వేసేటప్పుడు గాడులు ఉన్న వైపు క్రాంక్‌కి ఆనాలి, బేరింగ్ వైపుకి కాదు. తిరగేసి పెట్టిన బండ్లు నేను చూశాను, నెలల్లోనే మళ్లీ మొదటికొచ్చాయి. ఆట ఎక్కువగా ఉంటే మందం పెంచిన సైజు వాషర్లు కూడా దొరుకుతాయి, అందుకే కొలిచాకే ఆర్డర్ పెట్టండి. బిగించాక మళ్లీ డయల్ గేజ్ పెట్టి, అంకె సరిపోయాకే సంపు మూయండి. ఇకముందు బండిని న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కకుండానే స్టార్టు చేయండి, రావులపాలెం సెంటర్లోనో ధవళేశ్వరం బ్యారేజీ మీదో ట్రాఫిక్ ఆగితే క్లచ్ మీద కాలు ఉంచకుండా న్యూట్రల్‌లోకి తెచ్చేయండి.

ఆ తర్వాతే హెడ్డు. మీ బండికి హెడ్డూ బ్లాకూ రెండూ పోతఇనుమే కాబట్టి అంత తేలిగ్గా వంగదు. నీళ్లు దించండి, కార్బురేటర్లు, మానిఫోల్డులు విప్పండి, రాకర్ షాఫ్ట్ నట్లు ఒక్కోటీ కొంచెం కొంచెం వదులు చేసుకుంటూ తీయండి. పుష్ రాడ్లు పైకి లాగేటప్పుడు మెలితిప్పి తీయాలి, లేకపోతే కింద టాపెట్ కూడా ఆయిల్ జిగురుతో అంటుకుని లేచొచ్చేస్తుంది. ఎనిమిది రాడ్లూ ఏది ఎక్కడిదో అక్కడికే వెళ్లాలి. నేనైతే ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె మూతకి ఎనిమిది చిల్లులు పొడిచి, అంకెలు వేసి, వరసగా గుచ్చుతాను, ఇంతకంటే మంచి స్టాండు నాకింకా దొరకలేదు. హెడ్డు నట్లు మాన్యువల్‌లో ఉన్న వరసకి తిరగేసి, రెండు మూడు విడతల్లో వదులు చేయండి. హెడ్డు పట్టేసి రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, ఆ గీత ఇక జన్మలో పోదు. చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో చుట్టూ మెల్లగా తట్టండి.

గ్యాస్కెట్ చేతికొచ్చాక మూడు, నాలుగు మధ్య సన్నటి పట్టీ దగ్గర నల్లగా మాడిన దారి ఉందేమో చూడండి. ఉంటే మీ గేజ్ చెప్పింది నిజమన్నమాట. తర్వాత హెడ్డు తిరగేసి, ప్లగ్గులు బిగించి, ఒక్కో గుంటలో కిరసనాయిలు పోసి పావుగంట ఆగండి. పోర్టుల్లోంచి చెమర్చితే ఆ వాల్వుకి పేస్ట్ పెట్టి రుద్దాలి. వాల్వులు చేతిలో ఉన్నప్పుడే ఒక్కోదాన్ని గైడులో పెట్టి అటూ ఇటూ ఊపండి, బాగా ఊగుతున్నాయంటే స్టార్టింగులో వచ్చే నీలం పొగ అక్కడిదే. హెడ్డు ముఖం మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, అటూ ఇటూ, మూల నుంచి మూలకి, కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ ఆకు (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో చూడండి. దూరకపోతే లేత్ షాపుకి తీసుకెళ్లకండి. ఇది నాకు తెలిసొచ్చిన తీరు చెప్తాను. 1991లో మా బావగారి ప్రీమియర్ పద్మిని కారు హెడ్డు విప్పినప్పుడు నేను కొలవకుండా, ఎందుకైనా మంచిదని ఫేసింగ్‌కి (ముఖం కోసి చదును చేయడానికి) ఇచ్చేశాను, వాళ్లు అవసరానికి మించి కోసేశారు, ఆ తర్వాత గేరు తగ్గించి ఎక్కించాల్సిన ప్రతి చోటా ఇంజిన్ టకటకలాడేది. ఆ హెడ్డు మళ్లీ దారికి రాలేదు. కోసిన లోహాన్ని తిరిగి అతికించేవాడు లేడు తమ్ముడూ.

ఈ పనంతా కొబ్బరికాయల కొట్టులోనే చేస్తారేమో, అక్కడే నాకు టెన్షన్. పీచు దుమ్ము గాలిలోనే ఉంటుంది, తెరిచిన సిలిండర్లో పడిందంటే ఇసుకతో సమానం. రెండు రోజుల ముందు కొట్టు ఊడ్చి నీళ్లు చల్లండి, విప్పిన ప్రతి రంధ్రం శుభ్రమైన గుడ్డతో మూయండి, ఎన్ని గుడ్డలు పెట్టారో కాగితం మీద రాయండి, మూసేటప్పుడు అన్నీ లెక్కకి రావాలి. పానాల సంగతి కూడా చూసుకోవాలి. ఈ బండి బోల్టులు అంగుళాల లెక్కవి. అరంగుళం తలకి 13 నంబరు పానా పడుతుంది కానీ వదులుగా పడుతుంది, గట్టిగా తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి. ఇళ్లలో మూలన పడి ఉండే పాత ఇంగ్లిష్ ఆయిల్ ఇంజిన్ల విట్‌వర్త్ పానాలూ సరిపోవు. 7/16, 1/2, 9/16 ఉన్న సెట్టు ఒకటి, టార్క్ రెంచి ఒకటి తప్పకుండా కొనండి, మిగతావి అడిగి తెచ్చుకోవచ్చు. గ్యాస్కెట్లు, వాషర్లు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ తయారవుతున్నాయి, పోస్టులో వస్తాయి.

అన్నీ బిగించాక వాల్వు ఆట (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) పెట్టుకోవడం ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎనిమిదింటికీ 0.25 మిల్లీమీటర్లు. ముందు నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేసుకోండి. ఎనిమిదో వాల్వు పూర్తిగా కిందికి దిగి ఉన్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి, ఏడోది దిగినప్పుడు రెండోది, ఆరోది దిగినప్పుడు మూడోది, ఎప్పుడు కూడినా తొమ్మిదే రావాలి. ఫీలర్ ఆకు పట్టీపట్టనట్టు జారాలి, కొత్త నోట్ల కట్టలోంచి ఒక నోటు లాగినట్టు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ ఒకసారి ఆకు దూర్చి చూడటం మరిచిపోకండి.

ఇక ఓమ్ని ఇంజిన్ మాట. దయచేసి ఆ పని చేయకండి. 1962 నుంచి 1980 దాకా వచ్చిన స్పిట్‌ఫైర్లలో మీది 1296 సీసీ, రెండు ఎస్‌యూ కార్బురేటర్లతో ఉన్నది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజిన్‌కి ఇది అన్నదమ్ముల వరస, రెండు బండ్ల రూపం గీసిందీ ఇటలీ ఆయన మికెలోట్టీనే. పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయించుకోవాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. మీ మామయ్య బండికి ఆ అర్హత ఉంది, చేజేతులా పోగొట్టుకోకండి. డయల్ గేజ్ అంకె రాగానే నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మాది పి.గన్నవరం వైపు లంక గ్రామం. వరదకి షెడ్డులో ఉన్న మా నాన్నగారి పాత కాంటెస్సా కారు సగం దాకా మునిగింది. నీళ్లు తీశాయి, ఎండలో ఆరబెట్టాం. బ్యాటరీ తగిలించి ఒకసారి సెల్ఫ్ కొట్టి చూడమంటారా?

జవాబు: వద్దమ్మా, ముట్టుకోకండి. ఎండకి ఆరేది బయట రేకు, లోపలి నీళ్లు ఎక్కడికీ పోవు. సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వరదకి పాడైన ఇంజిన్లు చాలామటుకు వరదలో కాదు, ఆ తర్వాత ఇంట్లోవాళ్ల తొందరలో పాడయ్యాయి.

ముందు షెడ్డు గోడ మీద ఒండ్రు గీత ఎంత ఎత్తులో ఉందో చూడండి, ఆ ఎత్తుని బండిలో ఎయిర్ క్లీనర్ నోటి ఎత్తుతోనూ, ఆయిల్ కొలిచే పుల్ల ఎత్తుతోనూ పోల్చండి. గీత వాటికి బాగా కిందనే ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు, పైన ఉంటే లోపల నీళ్లున్నాయనే అనుకోండి. సంపు డ్రెయిన్ బోల్టు పూర్తిగా విప్పకుండా రెండు చుట్లు వదులు చేయండి. ఆయిల్ నీటిమీద తేలుతుంది కదా, అందుకని లోపల నీళ్లుంటే మొదట బొట్లుబొట్లుగా వచ్చేది నీళ్లే. తర్వాత ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాలు ఆయిల్ పోసి ఒక రోజు వదిలేసి, న్యూట్రల్‌లో పెట్టి, పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తోనే తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి, ఇంకా ఆయిల్ పోసి ఇంకో రెండు రోజులు ఆగండి. రెండు చుట్లు తేలిగ్గా తిరిగాక, ప్లగ్గులు బయటే ఉంచి, అప్పుడు సెల్ఫ్. నీళ్లు ఆ రంధ్రాల్లోంచి చిమ్ముతాయి, ముఖం దూరంగా పెట్టండి.

మొదట వేసే ఆయిల్, ఫిల్టరు ఖరీదైనవి వద్దు. పది నిమిషాలు ఆన్‌లో ఉంచి దించేయండి, అది మజ్జిగలా తెల్లగా వస్తే మళ్లీ వేసి మళ్లీ దించండి, ఆయిల్ ఆయిల్ రంగులో దిగేదాకా. గేర్ బాక్సు, వెనక డిఫరెన్షియల్ ఆయిలు కూడా మార్చాలి, వాటి మీద ఉండే గాలి రంధ్రాల్లోంచి నీళ్లు దూరతాయి. సెల్ఫ్ మోటారు, బ్రేకు డ్రమ్ములు విప్పి ఒండ్రు కడగండి. గోదారి ఒండ్రు చేలకి బంగారం, బేరింగులకి మాత్రం గరుకు కాగితం.

ప్రశ్న: నరసాపురం. నా పద్మిని మూడు నెలలు తీయకపోతే స్టార్టు కాదు, పెట్రోలు వాసన కూడా వస్తోంది. ఇంజిన్ ఆయిల్ ఏది వాడాలి? రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తున్నాను, పర్వాలేదా?

జవాబు: వాసన వస్తోందంటే పెట్రోలు గొట్టాలు చేత్తో నొక్కి చూడండి, మెత్తగా జిగటగా తగిలితే ఈ రోజే మార్చేయండి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారడం అంటే నిప్పుతో చెలగాటం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత కాలపు రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్‌కి పడే గొట్టాలు అడిగి తీసుకోండి, పంపు డయాఫ్రం కూడా మార్చండి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మీ ఊళ్లో సముద్రపు గాలికి తేమ సంగతి నేను చెప్పక్కర్లేదు. బండి నెలల తరబడి నిలిపేస్తే ఆ నీళ్లు ట్యాంకు అడుగుకి చేరి తుప్పు పట్టిస్తాయి. పదిహేను రోజులకోసారి అరగంట తిప్పండి, వీలుకాదంటే ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చేసి పెట్టండి.

ఆయిల్ 20డబ్ల్యూ-50 మినరల్ చాలు. బోరు నీళ్లు మాత్రం మానేయండి. తీరం పక్కన బోరుల్లో ఉప్పు ఉంటుంది, పద్మినికి హెడ్డు అల్యూమినియం, బ్లాకు ఇనుము, ఉప్పునీళ్లు తగిలితే ముందు తినేసేది అల్యూమినియాన్నే. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి, పోసేముందు పాత నీళ్లు తెల్లటి గిన్నెలోకి దించి రంగు చూడండి, ఎర్రగా వస్తే స్వచ్ఛంగా వచ్చేదాకా కడగండి.